గ్యాప్‌లో ఎక్స్‌మాడ్‌ఆల్గ్ ప్యాకేజీ: ఎవరికి పనికొస్తుంది?

ఆల్జీబ్రాల క్రాస్డ్ మాడ్యూల్ (ఒక ఆల్జీబ్రా మరోదాని మీద పనిచేస్తూ, వాటి మధ్య ఆ పనితో పొసిగే ∂ అనే మ్యాప్ ఉన్న నిర్మాణం) అన్నా, క్యాట్-1 ఆల్జీబ్రా (ఒకే ఆల్జీబ్రా, దాని మీద తోక, తల అనే రెండు మ్యాప్‌లు) అన్నా ఒకటేనని నోట్సుల్లో చదివి ఊరుకోకుండా లెక్కేసి చూడాలనుకునేవాళ్లకి ఇది మంచి సాధనం. బీజగణిత లెక్కలు చేసే గ్యాప్ (GAP) సిస్టమ్ కోసం జెకెరియా అర్వాసీ, ఆల్పెర్ ఒదబాష్ రాశారు. పూర్తిగా ఉచితం.

లోడ్ చేయగానే ‘ఫెయిల్’ అని వస్తే కంగారు పడొద్దు. ఇది ఎక్స్‌మాడ్ (గ్రూపుల క్రాస్డ్ మాడ్యూళ్ల ప్యాకేజీ) మీద, అది మరికొన్ని ప్యాకేజీల మీద ఆధారపడుతుంది. ‘డిస్‌ప్లే‌ప్యాకేజ్‌లోడింగ్‌లాగ్’ కొడితే ఏది లేదో బయటపడుతుంది.

మొదటి ప్రయోగానికి 5 మూలకాల ఫీల్డ్ మీద ‘డైహెడ్రల్‌గ్రూప్(4)’ గ్రూప్ రింగ్ (గ్రూపు మూలకాలకి ఫీల్డ్ నుంచి గుణకాలు పెట్టి కూడిన మొత్తాల రింగు) తీసుకోండి. ఆ 4 గ్రూపు ఆర్డరే తప్ప చతురస్రం భుజాల లెక్క కాదు. 8 ఇచ్చారో, రింగు కమ్యుటేటివ్ కాకుండా పోతుంది, ఈ ప్యాకేజీ పరిధి దాటిపోతుంది. 4తో అయితే రింగులో 625 మూలకాలు, ఆగ్మెంటేషన్ ఐడియల్‌లో (గుణకాల మొత్తం సున్నా అయ్యేవి) 125. ఈ రెండూ ‘ఎక్స్‌మాడ్‌ఆల్జీబ్రాబైఐడియల్’కి ఇస్తే క్రాస్డ్ మాడ్యూల్ సిద్ధం. ఐడియల్ కోసం మాత్రం రింగును మళ్లీ కట్టకండి: ‘డైహెడ్రల్‌గ్రూప్(4)’ని రెండుసార్లు పిలిస్తే గ్యాప్‌కి అవి వేర్వేరు గ్రూపులు, ఒకదాని ఐడియల్ ఇంకోదానిలో ఇమడదు. రింగుకీ ఐడియల్‌కీ ‘సెట్‌నేమ్’తో పేర్లు పెట్టుకోండి. లేకపోతే తెర నిండా జనరేటర్లే.

అసలు మజా క్యాట్-1 వైపు మార్చినప్పుడు. రింగునీ ఐడియల్‌నీ సెమీడైరెక్ట్ ప్రోడక్టుగా, అంటే ర రింగులోది, స ఐడియల్‌లోది అయ్యే (ర, స) జతలుగా, కలిపితే 625 × 125, అంటే 78,125 మూలకాలు. తోక మ్యాప్ (ర, స)ని ర‌కి, తల మ్యాప్ ర + ∂సకి పంపుతాయి. తోక కెర్నల్‌లోది, అంటే తోక సున్నాకి పంపేది, (0, స), తల కెర్నల్‌లోది (−∂త, త). గుణిస్తే (0, సత − ∂త·స) వస్తుంది. క్రాస్డ్ మాడ్యూల్ నిర్వచనంలోని పైఫర్ షరతు ప్రకారం ∂త·స = తస, కాబట్టి మొత్తం సున్నా. ఒక్కో మూలకాన్ని తోక నుంచి తలకి బాణం అనుకుంటే, ఆ బాణాల కూర్పుకీ గుణకారానికీ పొత్తు కుదిరేది ఈ సున్నా వల్లే. ∂ని సున్నా చేసి, ∂ బయల్దేరే ఆల్జీబ్రాలో గుణకారాన్ని సున్నా కాకుండా ఉంచితే పైఫర్ తప్పుతుంది. మిగిలేది ప్రీ-క్రాస్డ్ మాడ్యూల్. క్రాస్డ్, ప్రీ-క్రాస్డ్ రెండింటికీ ప్యాకేజీలో వేర్వేరు పరీక్షలున్నాయి, ఇది నాకు బాగా నచ్చింది.

చిన్న గ్రూపుల మీది నిర్మాణాలకి ‘క్యాట్1ఆల్జీబ్రాసెలెక్ట్’ పట్టిక ఉంది. ఫీల్డ్ సైజు, గ్రూపు సైజు, గ్రూపు నంబరు, నిర్మాణం నంబరు, ఇదే వరసలో ఇవ్వాలి. పెద్ద గ్రూపుల జోలికి పోవద్దు. 2 మూలకాల ఫీల్డ్ మీద కూడా ఆర్డర్ 16 గ్రూపుకి 65,536 మూలకాలు, మ్యాప్‌ల వెతుకులాట ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

లీ ఆల్జీబ్రాల క్రాస్డ్ మాడ్యూళ్లు కావాలంటే ఇందులో దొరకవు. గ్రూపుల క్రాస్డ్ మాడ్యూళ్లే చాలనుకుంటే ఎక్స్‌మాడ్ ఒక్కటీ పెట్టుకోండి.