వెల్లుల్లిని ముందే కాల్చాలా, నూనెలో వేయించాలా?

ఆకుకూర వేపుడు రుచిలో అసలు తేడా వచ్చేది వెల్లుల్లి దగ్గరే. గడ్డ మొత్తం కాల్చి కలపడం ఒక పద్ధతి, ముక్కలు కోసి నూనెలో వేయించడం ఇంకో పద్ధతి.

గడ్డ పైభాగం కొద్దిగా కోసి, నూనె రాసి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచితే రెబ్బలు వెన్నలా మెత్తబడతాయి. పొట్టు పట్టుకుని నొక్కితే గోధుమరంగు ముద్ద బయటికి జారుతుంది. ఘాటు పోయి తీపి వస్తుంది. వెల్లుల్లిని పచ్చిగా నలిపినప్పుడు పుట్టే అల్లిసిన్ అనే పదార్థానిదే ఆ ఘాటంతా. నలగకుండా కాలిపోతే అది పెద్దగా తయారవదు. మెంతికూర లాంటి చేదు ఆకులకి నా ఓటు దీనికే. ముద్దను మాత్రం స్టవ్ కట్టేశాక కలపాలి, లేదంటే అడుగంటుతుంది.

నూనెలో వేయించడం 2 నిమిషాల పని. ఆ 2 నిమిషాలూ ఫోన్ చూడకూడదు! అంచులు బంగారు రంగుకి తిరగ్గానే ఆకు పడిపోవాలి. నల్లబడితే కూరంతా చేదే. నేనైతే కరకరలాడే ముక్కల్ని తీసి పక్కన పెట్టి, చివర్లో పైన చల్లుతాను. మెత్తటి పాలకూర మధ్య ఆ కరకర పంటికి తగలాలి.

ఆకు వండే తీరు రెండింటికీ ఒకటే. పాలకూరలో 90 శాతం పైగా నీళ్లే, కాబట్టి పెద్ద మంట, మూత వద్దు, ఉప్పు చివర్లో.

కాల్చిన వెల్లుల్లి మిగిలితే నూనెలో వేసి బయట ఉంచకండి, బాటులిజం (బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు) ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెట్టి 3 రోజుల్లో వాడేయండి.