తిరుమల అన్నప్రసాదం: ఏడాది చందా కట్టాక వెళ్లి తిన్నాం

మా టైలరింగ్ షాపు ఆడవాళ్లం ఏడాదిగా నెలనెలా తలా కొంచెం వేసుకుని టీటీడీ అన్నప్రసాదం ట్రస్టుకు పంపాం. మొన్న దర్శనమయ్యాక తరిగొండ వెంగమాంబ కేంద్రంలో పంక్తిలో కూర్చున్నాం. అరిటాకులో చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. 2025లో మొదలెట్టిన వడ కూడా పడింది. నా ఓటు రసానికే. మా వదిన వడ ఇంకోటి అడిగింది, సిగ్గులేకుండా! 1985లో ఎన్టీఆర్ హయాంలో మొదలైన పథకమిది. చందా కట్టామని ప్రత్యేక వరుసేమీ లేదు, నాకు బాగా నచ్చిందదే. వడ్డించింది శ్రీవారి సేవకులు, జీతం లేనివాళ్లు. మారు వడ్డించడానికి విసుక్కోలేదు. వచ్చే ఏడు చందాతోపాటు సేవకూ పేర్లిస్తాం. వదిన వడల బకెట్ తనకే కావాలంటోంది.