ఎత్తకుండానే కలిసే వీడియో కాల్: చాలాకాలం వాడాక స్మార్ట్ స్క్రీన్ మీద నా మాట

2020లో కోవిడ్ వల్ల ఇళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాక, మంచాన ఉన్న పెద్దవాళ్ల పక్కన ఈ స్మార్ట్ స్క్రీన్, అంటే వైఫైతో నడుస్తూ వీడియో కాల్ చూపించే కెమెరా ఉన్న తెర, చేసిన మేలు ఇంకేదీ చేయలేదు. కారణం ఒక్కటే: కాల్ దానంతటదే కలుస్తుంది. చేతులు వణికేవాళ్లు, మతిమరుపు ఉన్నవాళ్లు ఏదీ నొక్కక్కర్లేదు. అనుమతి మాత్రం రెండుచోట్ల ఇవ్వాలి: స్క్రీన్ సెట్టింగుల్లో ఒకసారి, కాల్ చేసే ప్రతి మనిషికీ విడిగా ఒకసారి. రెండోది వదిలేస్తే మామూలు కాల్‌లా మోగి ఆగిపోతుంది.

ఈ సుఖమంతా రౌటర్ మారేదాకే. కొత్త రౌటర్ పెట్టగానే స్క్రీన్ మూగబోతుంది. కొత్త పాస్‌వర్డ్ దాని తెర మీదే కొట్టాలి, గదిలో ఉన్నదేమో ఆ పని చేయలేని మనిషి. దూరం నుంచి చేయడానికి ఏమీ లేదు. అందుకే స్క్రీన్ జోలికి పోకుండా కొత్త రౌటర్‌కే పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టించాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీలు అచ్చం అలాగే ఉండాలి. రౌటర్‌లో వైఫై సెక్యూరిటీ రకాన్ని కొత్తదైన డబ్ల్యూపీఏ3కి మాత్రమే పరిమితం చేస్తే పాత స్క్రీన్లు కొన్ని అందుకోవు, దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2 కూడా ఉంచాలి. ఇవన్నీ సరిపోతే స్క్రీన్‌కి రౌటర్ మారిన సంగతే తెలియదు. బిగించడానికి వచ్చిన మనిషి హాల్లోంచి కదలకముందే ఇది చేయించుకోవాలి.

ఆక్సీమీటర్ చూపించమన్నప్పుడు ఒక తిరకాసు ఉంది. వేలికి పెట్టింది తలకిందులుగా కనబడితే 98 కాస్తా 86 అవుతుంది! గుండె గుభేల్‌మనేలోపు పక్కనున్న అక్షరాలు నిటారుగా ఉన్నాయో లేదో చూడాలి. మంచం వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా పడుతుంది, స్క్రీన్‌ని రెండోవైపుకి మార్చాలి.

దానంతటదే కలుస్తుందన్నాను గానీ, ప్రతిసారీ కాదు. రాత్రిపూట డిస్టర్బ్ చేయొద్దన్న సెట్టింగ్ పెట్టి ఉంటే కలవదు. ఒళ్లు తుడిచేటప్పుడు మూసిన కెమెరా మూతని తర్వాత తీయకపోతే మాటలే వినిపిస్తాయి, మనిషి కనబడరు. కరెంటు పోయినా అంతే సంగతులు. దీనికి బ్యాటరీ ఉండదు కాబట్టి, స్క్రీన్‌తోపాటు రౌటర్‌ని కూడా యూపీఎస్‌కి కలపాలి.

ఫోన్ ఎత్తగలిగినవాళ్లకి ఇది కొనమని చెప్పను. ఎత్తలేనివాళ్లకైనా, అడక్కుండా గదిలోకి తొంగిచూడటం వాళ్లకి ఇష్టమేనా అని ముందు కనుక్కోవాలి. వద్దంటే మామూలు కాల్‌గానే ఉంచి, ఎత్తడానికి పక్కనున్నవాళ్ల సాయం తీసుకోవడమే.