హై ప్రోటీన్ వెజ్ డిన్నర్ ప్లాన్ కొనేవాళ్లు జాగ్రత్త: ఉడికిన గింజలకి ఎండు గింజల లెక్క కడుతున్నారు

ఏ ప్లాన్ గురించో పేరు రాయక్కర్లేదు, మీకే అర్థమైపోతుంది. ఎక్కడ చూసినా అదే ప్రకటన: రోజూ 20 నిమిషాల్లో వంట, మనిషికి 35 గ్రాముల ప్రోటీన్, ఇంటిల్లిపాదికీ సరిపోయే వెజ్ డిన్నర్. నెల మెనూ ఫైలు, వారం వారం సరుకుల చీటీ, దాంతోపాటు ఒక పొడి డబ్బా. డబ్బు కట్టి, ఫైలు తెరిచి మొదటి వారం లెక్కలు సరిచూస్తే ఒక్కటీ నిలబడలేదు. వాపసు అడిగితే ఇవ్వలేదు సరికదా, మాటలు కూడా పడాల్సి వచ్చింది. ఇంకా కొననివాళ్లు ఆగండి. కొన్నవాళ్లు ఆ ఫైలు ముందు పెట్టుకుని ఇది చదవండి.

మొదటి వంటకమే చూడండి. ఉడికించిన కాబులీ శనగలు ఒక కప్పు, అన్నం ఒక కప్పు, కీర దోస, టమాటా, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. పక్కనే మనిషికి 35 గ్రాముల ప్రోటీన్ అని రాశారు. కప్పు ఉడికిన శనగలు 164 గ్రాముల దాకా తూగుతాయి. ఉడికిన శనగల్లో 100 గ్రాములకి ప్రోటీన్ 9 గ్రాముల లోపే, కాబట్టి కప్పుకి 14.5. కప్పు అన్నంలో 4 గ్రాముల పైచిలుకు. కూరగాయ ముక్కలన్నీ కలిపినా ఒక గ్రాము, గ్రామున్నర. మొత్తం 20కి అటూ ఇటూ. మరి 35 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎండు శనగల్లో 100 గ్రాములకి 19 గ్రాములుంటుంది. ఆ 19ని 164 గ్రాములకి లెక్కగడితే 31. దానికి అన్నంలోని 4 కలిపితే సరిగ్గా 35.

చేయి జారి పడిన అంకె అనుకుందామంటే, పక్కనున్న కేలరీల గడి అలా అనుకోనివ్వదు. అదే కప్పు శనగలకి 269 కేలరీలు వేశారు. అది ఉడికిన శనగల అంకె. 164 గ్రాముల ఎండు శనగలైతే 600 దాటాలి. అంటే ప్రోటీన్ దగ్గర ఎండు గింజల లెక్క, కేలరీల దగ్గర ఉడికిన గింజల లెక్క. రెండు చోట్లా తమకి ఏది అనుకూలమో అదే తీసుకున్నారు. దీన్ని ఎవరైనా రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు. ప్రోటీన్ గ్రాముని 4తో, పిండిపదార్థం గ్రాముని 4తో, కొవ్వు గ్రాముని 9తో గుణించి కూడండి. వచ్చింది రాసిన కేలరీలకి దగ్గరగా ఉండాలి. పీచు వల్ల కొంచెం తేడా రావడం మామూలే. ఇక్కడ 31 గ్రాముల ప్రోటీన్, 45 గ్రాముల పిండిపదార్థం, 4 గ్రాముల కొవ్వు అని వాళ్లే రాశారు. గుణిస్తే 340 వస్తుంది. వాళ్లు వేసింది 269. అంత తేడా పీచు వల్ల రాదు.

మిగతా వంటకాల్లోనూ ఇదే కథ. క్వినోవా వండాక 100 గ్రాములకి 4.4, వాళ్లు వేసింది 14. రాజ్మా ఉడికాక 9 లోపు, వాళ్లు వేసింది 23. 400 గ్రాముల డబ్బా శనగలు వాడమన్న చోట మొత్తం 400నీ లెక్కలో వేసుకున్నారు. అందులో నీళ్లు వంపేస్తే మిగిలేది సుమారు 240 గ్రాములే.

ఇక వాపసు అడిగినప్పుడు వాళ్లతో జరిగిన చాట్ సంగతి. పైన చెప్పిన లెక్కంతా ఫోటోలతో సహా పెట్టి, మర్యాదగానే అడిగాను: ఇది ఉడికిన బరువా, ఎండు బరువా అండీ అని. "శనగలు ఉడికినా ఎండినా శనగలే కదండీ, ఉడికిస్తే ప్రోటీన్ ఎక్కడికీ పోదు" అన్నారు. ఈ మాటలో సగం నిజం ఉంది, అందుకే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ప్రోటీన్ ఎక్కడికీ పోదు, నిజమే. కానీ గింజ నీళ్లు తాగి రెండింతలు దాటుతుంది. 100 గ్రాముల ఎండు శనగలు ఉడికాక 220 నుంచి 250 గ్రాములవుతాయి. ఆ గిన్నె మొత్తంలో ఉండేది 19 గ్రాముల ప్రోటీనే. అందులోంచి ఒక కప్పు తీసి కంచంలో వేస్తే, దాంట్లో 31 ఎలా ఉంటుంది? ఇదే రాశాను. దానికి వచ్చిన జవాబు: "పిల్లలకి వండిపెట్టేవాళ్లు కాస్త చదువుకుని ఉంటే ఇలాంటి ప్రశ్నలు రావు. ఫైలు డౌన్‌లోడ్ అయింది, రీఫండ్ ఉండదు." ఆ వెంటనే చాట్ మూసేశారు.

డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే ఎక్కువ మండుతోంది. తప్పుడు లెక్క అమ్మింది వాళ్లు. చదువు లేదన్నది కొన్నవాళ్లని. ఇంట్లో వాళ్లకి సరైన తిండి పెట్టాలన్న తపనతోనే కదా ఎవరైనా ఇలాంటివి కొనేది! ఆ తపనతో డబ్బు కట్టించుకుని, ప్రశ్న అడిగితే అదే తపనని పట్టుకుని ఎత్తిపొడవడం ఏం వ్యాపారం?

ఈ తప్పు వల్ల నష్టం ఎక్కడో కూడా చెప్తాను. పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. రాత్రి భోజనంలో 15 నుంచి 20 వస్తే, మిగతా రెండు పూటలూ బాగుంటే, ఇంకేం కావాలి? నిజానికి వాళ్ల శనగల గిన్నె చెడ్డ వంటకమేమీ కాదు. కానీ ఫైలు మొదటి పేజీలో "రాత్రికే 70 శాతం అందుతుంది, మిగతా పూటలు మీ ఇష్టం" అని రాశారు. అది నమ్మి పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం సూపు, సలాడ్ తో సరిపెట్టుకునే మనిషికి రోజు మొత్తం మీద 30 గ్రాములు రావడమే కష్టం. తిండి తగ్గిపోయే వయసు వాళ్లకి, ఎదిగే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

దీనికంటే భయపెట్టింది రాజ్మా వంటకం. ఎండు రాజ్మా, టమాటా, నిమ్మరసం, నీళ్లు అన్నీ ఒకేసారి స్లో కుక్కర్లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) వేసి, తక్కువ సెట్టింగ్ మీద ఎనిమిది గంటలు వదిలేయమన్నారు. దయచేసి ఎవరూ అలా చేయకండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే కడుపుకి హాని చేసే ఒక రకం ప్రోటీన్, ఉంటుంది. నాలుగైదు గింజలు సరిగా ఉడకకుండా కడుపులోకి వెళ్లినా చాలు, కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్లో తక్కువ సెట్టింగ్ మీద ఆ విషం విరిగిపోయేంత వేడి పుట్టకపోవచ్చు. 80 డిగ్రీల దగ్గర అరకొరగా వేడెక్కిన గింజలు పచ్చివాటికన్నా ఎక్కువ హాని చేయొచ్చు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ ఉండగా కనీసం 10 నిమిషాలు ఉడికించాలి. 30 నిమిషాలైతే ఇంకా నిశ్చింత. ఆ తర్వాత స్లో కుక్కర్లో వేసుకోండి. ప్రెషర్ కుక్కర్లో మెత్తగా ఉడికించినా, డబ్బాలో వచ్చే ఉడికిన రాజ్మా అయినా ఈ భయం లేదు. పైగా టమాటా, నిమ్మరసం లాంటి పులుపు మొదట్లోనే వేస్తే గింజ పైపొర బిగుసుకుని ఎంతసేపటికీ మెత్తబడదు. గింజ వేళ్ల మధ్య నలిగిపోయేదాకా ఉడికాకే పులుపు వేయాలి. ఈ విషయం వాళ్ల పేజీ మీద అందరికీ కనిపించేలా రాస్తే తీసేశారు. వంటకం మాత్రం అలాగే ఉంచారు.

20 నిమిషాల మాట కూడా అంతే. నానబెట్టే రాత్రి, కుక్కర్ ఆవిరి దిగే సమయం, తరిగే సమయం ఏవీ ఆ 20లో లేవు.

పొడి డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో 40 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది. వెనక్కి తిప్పితే అది 100 గ్రాముల పొడికి. ఒక్కసారి వాడమన్నది 15 గ్రాములు, అంటే 6 గ్రాముల ప్రోటీన్. ఇంకో గడిలో 12 పైన చూపించారు. కింద చిన్న అక్షరాల్లో "200 మిల్లీలీటర్ల పాలతో" అని ఉంది. ఆ పాలలోనే ఆరున్నర గ్రాములుంటాయి. పాలకి మళ్లీ వాళ్లకి డబ్బు కట్టడం ఎందుకు?

నిజంగా త్వరగా అయ్యేవి కావాలంటే ఏ ప్లానూ అక్కర్లేదు. మసూర్ పప్పు నానబెట్టకుండానే 15, 20 నిమిషాల్లో ఉడుకుతుంది. మనిషికి 50 గ్రాముల ఎండు పప్పు వేస్తే 12 గ్రాముల ప్రోటీన్. మీల్ మేకర్ మనిషికి 25 గ్రాములు, ఎండుగా తూచి, వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండి కూరలో వేయండి. 13 గ్రాములు వస్తుంది. పిండకపోతే కూర నీళ్లోడి, పచ్చి వాసన వస్తుంది. పనీర్ 70 గ్రాములకి 12, 13 గ్రాములు, కానీ కొవ్వు కూడా అంతకి తగ్గదు కాబట్టి ఆ రోజు నూనె తగ్గించండి. టోఫు రకాన్ని బట్టి చాలా మారుతుంది, గట్టిది కొని దాని లేబుల్ చూసుకోవాలి. ఫ్రీజర్లో ఉంచిన పచ్చి బఠాణీ ఐదు నిమిషాల పని, కప్పుకి 8 గ్రాములు. వేరుశనగ వెన్నని ప్రోటీన్ కోసం నమ్ముకోకండి, రెండు పెద్ద చెంచాలకి 7 గ్రాములే, కేలరీలు 190. పాలకూర, బ్రకోలీ 100 గ్రాములకి 3 గ్రాముల లోపే. అవి తినాల్సింది వేరే పోషకాల కోసం. ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్ పప్పుగింజల్లో ఎక్కువ, మెథియోనిన్ ధాన్యాల్లో ఎక్కువ. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది, రెండూ ఒకే పూట తినాలన్న నియమం కూడా లేదు.

శనగలు, రాజ్మా వారానికోసారి ఎక్కువగా ఉడికించి, చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులుంటాయి. మిగిలినవి ఒక పూటకి సరిపడా విడివిడిగా డీప్ ఫ్రీజర్లో వేసుకోండి. అప్పుడు 20 నిమిషాల మాట నిజమవుతుంది.

ఇంకో మాట. ఎవరి దగ్గర ఏ ప్లాన్ కొన్నా, డబ్బు కట్టకముందే నమూనా పేజీ ఒకటి అడగండి. బరువు ఉడికిందా ఎండుదా, అంకె మనిషికా గిన్నె మొత్తానికా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. చెప్పకపోతే కొనకండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ప్రకటన, పట్టిక, చాట్ అన్నీ ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వాళ్లు తీసేస్తున్నారు. ప్రకటనలో చెప్పింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అని కారణం రాసి, కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ (కట్టిన డబ్బు మీద అభ్యంతరం) వేయండి. దానికి గడువుంటుంది, ఆలస్యం చేయకండి.