మొన హెల్మెట్ల కోసం జర్మనీ యాత్ర: ఎక్కడ ఏం దొరుకుతుంది, ఎక్కడ ఉండాలి

నెత్తిన మొన ఉన్న పాత జర్మన్ సైనిక హెల్మెట్లను పికెల్‌హౌబెలు అంటారు. వాటి కోసం జర్మనీలో ఒక్క ఊరికే వెళ్లే వీలుంటే బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌కు వెళ్లండి. చాలామందికి ముందు బెర్లిన్ గుర్తొస్తుంది. కానీ అక్కడి జర్మన్ చరిత్ర మ్యూజియం ఉన్న ట్సోయిగ్‌హౌస్ భవనాన్ని 2021లో మరమ్మతులకు మూసేశారు. తెరిచారో లేదో కనుక్కున్నాకే ఆ ఊరు ప్లాన్‌లో పెట్టుకోండి.

ఒక్క ఊరు చూస్తే ఈ హెల్మెట్లు పూర్తిగా అర్థం కావు. 1871లో జర్మనీ ఒకే సామ్రాజ్యమైంది కానీ బవేరియా, సాక్సనీ, వుర్టెంబర్గ్ రాజులు తమ సైన్యాలను తమ పేరు మీదే ఉంచుకున్నారు. అందుకే హెల్మెట్ ముందు ఉండే లోహపు బిళ్ల, అంటే వాపెన్, రాజ్యాన్ని బట్టి మారుతుంది. ప్రష్యాది గద్ద, బవేరియాది డాలు పట్టుకున్న రెండు సింహాలు, సాక్సనీది ఎనిమిది కోణాల నక్షత్రం, బాడెన్‌ది గ్రిఫిన్, అంటే గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న ఊహాజీవి. ఏ రాజ్యం హెల్మెట్లు ఆ రాజ్యపు గడ్డ మీదే ఎక్కువగా, బాగా కనిపిస్తాయి.

ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా సైనిక మ్యూజియం రెండు చోట్ల ఉంది. పాత ఊళ్లో నోయెస్ ష్లాస్ అనే కోట ఒకటి, డాన్యూబ్ నది అవతల క్లెన్ట్సె పార్కులో రెడ్వీట్ టిలీ అనే పాత రక్షణ కట్టడం రెండోది. ముందు కోట చూడండి. బవేరియా సైనికులు 1886 వరకూ మొన హెల్మెట్ పెట్టుకోలేదు. గొంగళిపురుగులా పైన గుబురు కుచ్చు ఉండే సొంత హెల్మెట్ వాళ్లది. ప్రష్యాలో మొన వచ్చింది 1842లో, నాలుగో ఫ్రెడరిక్ విలియం రాజు కాలంలో. అంటే బవేరియా నలభై ఏళ్లకు పైగా తన పద్ధతి వదల్లేదు. ఆ కుచ్చు హెల్మెట్లు చూశాక సింహాల బిళ్లా, దాని మీద ‘ఇన్ ట్రోయె ఫెస్ట్’ (విధేయతలో దృఢంగా) అన్న నినాదమూ ఉన్న హెల్మెట్ ముందు నిలబడితే బవేరియా ఎంత ఇచ్చి ఎంత నిలుపుకుందో తెలుస్తుంది. నన్ను ఈ యాత్రలో అన్నిటికంటే కదిలించింది అదే.

రెడ్వీట్ టిలీలో మొదటి ప్రపంచ యుద్ధం ప్రదర్శన ఉంది. దీనికి కనీసం సగం రోజు ఇవ్వండి. మెరిసే ఇత్తడి దూరం నుంచే శత్రువుకు కనబడుతుందని 1892 నుంచి హెల్మెట్ మీద గుడ్డ తొడుగు వేశారు. దాని మీద రెజిమెంట్ నంబరు మొదట ఎర్ర రంగులో ఉండేది, 1914లో ఆకుపచ్చగా మార్చారు. బ్రిటన్ నౌకా దిగ్బంధంతో ఈ హెల్మెట్లు చేసే తోలు కరువయ్యాక ఫెల్ట్‌తో, రేకుతో కూడా హెల్మెట్లు చేశారు. 1915 మోడల్‌కు బూడిద రంగు ఇనుప సామాన్లు, ఊడదీసే మొన వచ్చాయి. 1916లో ఉక్కు హెల్మెట్ రావడంతో యుద్ధరంగంలో వీటి కాలం ముగిసింది. 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ దగ్గర మన భారతీయ సైనికులు పోరాడింది ఈ హెల్మెట్ల సైన్యంతోనే. తొడుగులున్న హెల్మెట్లు చూస్తున్నంతసేపూ వాళ్లే గుర్తొచ్చారు. సోమవారం ఈ మ్యూజియానికి సెలవు.

డ్రెస్డెన్‌లోని జర్మన్ సైన్యపు మ్యూజియానికి మాత్రం సెలవు బుధవారం. సోమవారం వేరే ఊళ్లలో తలుపులు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజును దీనికి పెట్టుకుంటే టైం కలిసొస్తుంది. పాత ఆయుధాగారం మధ్యలోంచి వాస్తుశిల్పి డానియెల్ లీబెస్కిండ్ గీసిన లోహపు చీలిక దూసుకొచ్చిన భవనం ఇది, 2011లో తెరిచారు. మ్యూజియంగా గొప్పది. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో చూపించడం దీని ఉద్దేశం. హెల్మెట్లను వరసగా పెట్టి తేడాలు చెప్పడం ఉద్దేశం కాదు. గుర్తుపట్టడం నేర్చుకోవడానికి నేను దీన్ని ఇంగోల్‌స్టాట్ తర్వాతే పెడతాను. రాస్టాట్ కోటలోని సైనిక చరిత్ర మ్యూజియం చిన్నది, ప్రశాంతమైనది, బాడెన్ గ్రిఫిన్ కోసం వెళ్లొచ్చు. కార్ల్స్‌రూలో బస పెట్టుకుని ఒక పూటలో చూసి రావచ్చు.

మ్యూజియం అద్దం వెనక నుంచి హెల్మెట్ బయటి వైపే చూపిస్తుంది. కొనాలనుకునేవాళ్లకు అసలు చదువు లోపలి వైపు ఉంది. అందుకు వేలం సంస్థలు అమ్మకానికి ముందు పెట్టే ప్రివ్యూ రోజులను మించిన చోటు లేదు. మ్యూనిక్ పక్కన గ్రాస్‌బ్రున్‌లో ఉన్న హెర్మాన్ హిస్టోరికా ఈ రంగంలో పేరున్న సంస్థ. వేలం తేదీలు చూసుకుని దాని చుట్టూ యాత్ర కట్టుకోండి. ఇలాంటి చోట్ల వస్తువును అడిగి చేతికి తీసుకుని చూసే వీలుంటుంది.

చేతికొచ్చాక ముందు మెడ వైపు అంచు కింద చూడాలి. సైన్యం ఇచ్చిన హెల్మెట్‌కు అక్కడ ముద్రలుంటాయి: రెజిమెంట్, సంవత్సరం, బి.ఎ. అనే అక్షరాలతో కోర్ (పెద్ద సైనిక విభాగం) వస్త్రాగారం నంబరు. తర్వాత లోపలి అస్తరు. మామూలు సైనికుడిదైతే తాడుతో లాగి కట్టిన తోలు నాలుకలు, అధికారిదైతే తోలు పట్టీ, పట్టుగుడ్డ. అధికారి హెల్మెట్ మీద మొన మొదట్లో నక్షత్రాల ఆకారపు మేకులు ఉంటాయి. పక్కన రంగుల బిళ్లలు, అంటే కొకార్డెలు, 1897 తర్వాత రెండు: కుడివైపు సామ్రాజ్యపు నలుపు-తెలుపు-ఎరుపు, ఎడమవైపు సొంత రాజ్యపు రంగులు. బవేరియాదైతే తెలుపు-నీలం, వుర్టెంబర్గ్‌దైతే నలుపు-ఎరుపు. ప్రష్యా ఫిరంగి దళానికి మొన బదులు గుండ్రటి లోహపు బంతి ఉంటుంది, అది విరిగిన మొన కాదు.

ఒక పాత సామాన్ల సంతలో ఒకాయన సింహాల బిళ్ల ఉన్న హెల్మెట్ చూపించి అన్నీ ఒరిజినల్ అన్నాడు. లోపల బి.ఎ. పక్కన 13 అని రోమన్ అంకె ఉంది. పదమూడో కోర్ వుర్టెంబర్గ్‌ది. వెలుతురుకు పట్టి చూస్తే బిళ్ల వెనక వాడని రెండు రంధ్రాలు కనిపించాయి. ఏ భాగానికి ఆ భాగం పాతదే కావచ్చు, కానీ అవి ఒకే హెల్మెట్‌వి కావు. ధర మాత్రం పూర్తి హెల్మెట్‌ది అడిగాడు. తిరిగి ఇచ్చేశాను. సంతలో కొకార్డెలు, పట్టీలు లాంటి విడి భాగాలు చూడటం వరకూ బాగుంటుంది. ముద్రలు చదవడం చేతకాకముందు అక్కడ పెద్ద డబ్బు పెట్టొద్దు.

బస విషయానికొస్తే మ్యూనిక్‌లో, అందులోనూ అక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లో, గది అద్దె చూస్తేనే టెన్షన్. నేను ఇంగోల్‌స్టాట్‌లోనే పాత ఊరి గోడల లోపల ఉన్నాను. రెండు మ్యూజియాలకూ నడిచి వెళ్లొచ్చు, నది దాటడం కూడా ఒక ఆనందం. పెద్ద స్టేషన్ ఊరికి దూరం, సామానుంటే బస్సెక్కండి. లేదా ఇంగోల్‌స్టాట్ నార్డ్‌లో దిగండి. డ్రెస్డెన్‌లో నోయ్‌స్టాట్ వైపు ఉంటే మ్యూజియానికి ట్రామ్ నేరుగా ఉంది. ప్రాంతీయ రైళ్లకు డోయిచ్‌లాండ్ టికెట్ బాగా కలిసొస్తుంది, 2026 నుంచి నెలకు 63 యూరోలు. అది ప్రతి నెలా దానంతటదే కొనసాగుతుంది, ఆ నెలతో ఆపాలంటే పదో తేదీలోపు రద్దు చేయాలి. ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లలో చెల్లదు. ఇంగోల్‌స్టాట్ నుంచి డ్రెస్డెన్‌కు మాత్రం విడిగా ఐసీఈ ముందే బుక్ చేసుకోండి, ప్రాంతీయ రైళ్లలో రోజంతా పోతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శాకాహారులు శనివారమే పండ్లు, రొట్టె కొని పెట్టుకోవాలి.

కొన్న హెల్మెట్‌ను సూట్‌కేసులో బట్టల మధ్య కుక్కొద్దు. నూరేళ్లు దాటిన తోలు ఒక్క ఒత్తిడికి పగులుతుంది. మొన విప్పి చిన్నది చేద్దామనీ చూడొద్దు, 1915కు ముందటి మామూలు సైనికుల హెల్మెట్లలో చాలావాటికి అది సులువుగా ఊడి రాదు. అమ్మినవాళ్ల చేతే గట్టి పెట్టెలో ప్యాక్ చేయించండి. వయసు, ధర రాసిన రసీదు తీసుకుని కస్టమ్స్ వాళ్లకు మీరే చూపించండి. మొన ఉన్న వస్తువు కాబట్టి క్యాబిన్‌లోకి తెస్తామంటే ఒప్పుకుంటారో లేదో విమాన సంస్థను ముందే అడగండి.