సోమవారం అర్జీ, పీజీఆర్ఎస్ – స్కూల్ సమస్య తీసుకెళ్తే ఏమైందో మా రివ్యూ

5కి 3.5 ఇస్తున్నా. పని అయ్యింది కాబట్టి 3.5. మధ్యలో ఒకసారి పని అవ్వకుండానే అయిపోయిందని మెసేజ్ పంపారు కాబట్టి మిగతాది తగ్గించా. హోటల్‌కీ మిక్సీకీ రివ్యూలు రాస్తాం కదా, మన ఆంధ్రప్రదేశ్‌లో కలెక్టరేట్‌లో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారే, ప్రజా సమస్యల పరిష్కార వేదిక (పీజీఆర్ఎస్) అని, దానికీ ఎవరో ఒకరు రాస్తే స్కూల్ విషయం మీద వెళ్ళాలనుకునే అమ్మానాన్నలకి దారి తెలుస్తుందని రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా పాప ఎనిమిదో తరగతి, జడ్పీ హైస్కూల్. రోజూ పొద్దున లీటరు స్టీలు బాటిల్ నింపి బ్యాగులో పెడతా. 2025 జూన్ 12న బడి తెరిచారు, నెలాఖరుకి వచ్చేసరికి గమనించా, సాయంత్రం బ్యాగు తీస్తుంటే బాటిల్ బరువు తగ్గట్లేదు. మూత తీసి చూస్తే నేను పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి, మహా అయితే రెండు గుక్కలు తగ్గాయేమో. ఎండల్లో నీళ్ళు తాగకపోతే ఎలాగే అని రెండు రోజులు తిట్టా కూడా. మూడో రోజు మెల్లగా చెప్పింది, "తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలమ్మా, అక్కడ నీళ్ళు రావట్లేదు" అని. ఇంటర్వెల్‌లో బకెట్ పట్టుకుని గేటు పక్కనున్న చేతిపంపు దాకా వెళ్ళి, అబ్బాయిలందరి ముందు నుంచి మోసుకొచ్చుకోవాలంట, అందుకని ఆడపిల్లలు చాలామంది పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకుని కూర్చుంటున్నారు, నెలసరి రోజుల్లో అయితే కొందరు బడికే రావట్లేదంట. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు హెచ్ఎం మేడమ్ దగ్గరికి వెళ్ళా. ఆవిడ చెడ్డావిడ కాదు, ఇది ముందే చెప్పాలి. బోరు మోటార్ కాలిపోయింది, రెండుసార్లు వైండింగ్ చేయించాం, ఇంక లాభం లేదన్నాడు మెకానిక్, కొత్తది కొనాలంటే స్కూల్ ఖాతాలో అంత లేదు, పైకి రాశాను అన్నారు. నేను అడిగిందల్లా ఒకటే. తల్లికి వందనం అని, బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, 2025లో పిల్లకి 15,000 అన్నారు, మా ఖాతాల్లో 13,000 పడింది, మిగతా 2,000 స్కూల్ నిర్వహణకీ మరుగుదొడ్ల నిర్వహణకీ అన్నారు. అంతకుముందు అమ్మఒడి ఉన్నప్పుడూ ఇలాగే పట్టుకున్నారు. నేనేమీ కాదనలేదు, బాత్రూమ్‌లు బావుంటే అంతకన్నా ఏం కావాలి, కానీ ఆ బాత్రూమ్‌లో నా బిడ్డ పేరు మీద డబ్బులున్నాయి కదా మేడమ్ అన్నా. ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా రాష్ట్రం మొత్తం, మా బళ్ళో కూడా టెంట్ వేసి బాగా చేశారు, భోజనాలు కూడా పెట్టారు. అక్కడ లేచి నిలబడి చెప్పా. అందరూ తలూపారు, చూద్దాం అన్నారు, ఒక్కరు కూడా కాగితం మీద రాసుకోలేదు. నేను చేసిన తప్పు అక్కడే, నోటిమాటగా చెప్పి ఊరుకోవడం. మీరు మీటింగ్‌కి వెళ్తే మాత్రం మీ మాట అర్జీగా రాసుకుని వెళ్ళండి, రెండు కాపీలు, ఒకటి వాళ్ళకిచ్చి రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మొహమాటపడొద్దు.

తర్వాత స్కూల్ కమిటీ చైర్మన్ గారిని పట్టుకున్నాం. ఆయన కూడా మాలాంటి తండ్రే, 2024 ఆగస్టులో ఎన్నికలు పెట్టినప్పుడు ఎన్నుకున్నాం, ఆ తర్వాత ఆయన్ని ఏదైనా అడిగినవాళ్ళు మా ఊళ్ళో లేరు. విద్యాహక్కు చట్టం 2009లోది, అందులో ఈ కమిటీలో నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలనీ, సగంమంది ఆడవాళ్ళుండాలనీ ఉంది, ఆడపిల్లలకి మగపిల్లలకి విడివిడిగా బాత్రూమ్‌లు ఉండాలని కూడా అదే చట్టం. అంటే కమిటీ తీర్మానం రాస్తే దానికి విలువ ఉంటుంది, అది మనం అడిగి రాయించుకోవాలి. డ్వాక్రా మీటింగ్ రోజు అర్జీ కాగితం అక్కడే పెట్టా. 23 మంది తల్లులు సంతకాలు చేశారు, ఇద్దరు సంఘం స్టాంప్ ప్యాడ్ తీసుకుని వేలిముద్ర వేశారు, అందులో ఒక అమ్మమ్మ "మా మనవరాలు గత నెల మూత్రంలో మంటని ఆసుపత్రికి వెళ్ళిందమ్మా, ఇందుకేనా" అని అడిగింది. అప్పటిదాకా నా ఒక్కదాని గోల అనుకున్నా, కాదని అర్థమయింది.

సంతకాలు ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది. అందరికీ ఉండే భయం ఒకటే, మనం కంప్లైంట్ ఇస్తే మన పిల్లని టార్గెట్ చేస్తారేమో అని. నాకూ ఉంది. అందుకే పిల్లల పేర్లు ఎక్కడా రాయలేదు, హెచ్ఎం మేడమ్ మీద ఒక్క మాట రాయలేదు, "బోరు మోటార్ ఫలానా తేదీ నుంచి పనిచేయట్లేదు, ఇంతమంది ఆడపిల్లలు ఇబ్బంది పడుతున్నారు, మోటార్ పెట్టించండి" అని పావు పేజీ. ఆ కాపీ ముందు మేడమ్‌కే చూపించా. నిజం చెప్పాలంటే ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు, స్కూల్ కోడ్ ఆవిడే రాసిచ్చారు, ముందు తను పైకి పంపిన లెటర్ కాపీ కూడా ఇచ్చారు. చాలాసార్లు స్కూల్ వాళ్ళు కూడా మనలాగే పైవాళ్ళ కోసం ఎదురుచూస్తుంటారు, వాళ్ళని శత్రువులు చేసుకుంటే మన పని ఇంకా లేటవుతుంది.

ఇంకోటి, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలీక మేం ఒక వారం పోగొట్టుకున్నాం. మండలానికి ఇప్పుడు ఇద్దరు ఎంఈఓలు (మండల విద్యాధికారులు) ఉంటారు, కానీ జడ్పీ హైస్కూల్ విషయమైతే చూసేది డిప్యూటీ డీఈఓ గారు, ఆపైన డీఈఓ (జిల్లా విద్యాధికారి). మేం ఎంఈఓ ఆఫీసులో రెండు గంటలు కూర్చున్నాక ఈ సంగతి అక్కడి అటెండర్ చెప్పాడు. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ఉంటారు, వాళ్ళకి కూడా ఒక కాపీ ఇవ్వండి. డిప్యూటీ డీఈఓ ఆఫీసులో ఇచ్చి పదిహేను రోజులు చూశాం, ఉలుకూ పలుకూ లేదు, అప్పుడు కలెక్టరేట్‌కి వెళ్ళాలనుకున్నాం.

ఆగస్టులో ఒక సోమవారం ముగ్గురం పొద్దున 7:40 బస్సెక్కాం. గేటు బయట చెట్టు కింద అర్జీలు రాసిపెట్టేవాళ్ళుంటారు, డబ్బులు తీసుకుంటారు, మనం రాసుకుని వెళ్తే అవసరం లేదు. లోపల అర్జీ పెట్టడానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. కౌంటర్‌లో ఆధార్ నంబర్, ఫోన్ నంబర్ అడిగి కంప్యూటర్‌లో ఎక్కించారు, ఆ టైప్ చేసే అబ్బాయి ఏ శాఖ అని అడిగితే పాఠశాల విద్య అని గట్టిగా చెప్పండి, వేరే శాఖలో పడితే అక్కణ్ణించి తిరిగొచ్చేసరికి రోజులు పడతాయి. నంబర్ ఉన్న స్లిప్ ఇచ్చారు. తర్వాత హాల్లో లైను, గంటన్నర పట్టింది. కుర్చీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, మంచినీళ్ళు పెట్టారు, పెద్దవాళ్ళని ముందు పంపించారు, ఇది మెచ్చుకోవాలి. ఎదురుగా పెద్ద ఆఫీసర్లు, పక్కన అన్ని శాఖలవాళ్ళు వరసగా. మాకు దొరికింది రెండు నిమిషాలు. నేను ఏమీ వివరించలేదు, అంతకుముందు ఒకరోజు పాప తాగకుండా తిరిగి తెచ్చిన బాటిల్ ఫోటో, ఎండిపోయిన కుళాయి ఫోటో ఉన్న కాగితం ముందు పెట్టి "ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేశారండి" అన్నా. ఆఫీసర్ గారు చదివి విద్యాశాఖ వాళ్ళని పిలిచి అక్కడే రాసిచ్చారు. బయటికొచ్చేసరికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇక్కడిదాకా అయితే 5కి 5.

పన్నెండో రోజు ఇంకో మెసేజ్, మీ అర్జీ పరిష్కరించబడింది అని. సంతోషంగా బడికి పరిగెత్తా. కుళాయి తిప్పితే గాలి శబ్దం వచ్చింది, నీళ్ళ చుక్క లేదు. ఎవరో మోటార్ ప్రతిపాదన పంపాం అని రాసి దాన్నే పరిష్కారంగా మూసేశారు. ఆ కుళాయి కింద నిలబడి నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఇదే కాగితం మీద 23 మంది పేర్లున్నాయి, వాళ్ళందరికీ నేనే మెసేజ్ ఫార్వర్డ్ చేశా పొద్దున్నే.

కానీ ఇక్కడే ఆగిపోకండి, రీఓపెన్ చేయొచ్చు. తృప్తిగా ఉన్నారా అని ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తే లేదు అని చెప్పండి, అవతల ఎవరో బాధపడతారని అవును అనొద్దు. మేం మళ్ళీ సోమవారం పాత స్లిప్ నంబర్‌తోనే వెళ్ళి, తేదీ కనపడేలా తీసిన ఫోటోలు పెట్టి తెరిపించాం. అంత దూరం వెళ్ళలేకపోతే మండలంలో కూడా సోమవారం తీసుకుంటారు, పీజీఆర్ఎస్ ఫోన్ నంబర్ 1100కి చేసినా, దాని 'మీకోసం' వెబ్‌సైట్‌లో పెట్టినా అవుతుంది. ఈసారి ఇంజనీర్ గారు స్వయంగా వచ్చి చూశారు, కొత్త మోటార్ పెట్టారు, ట్యాంక్ కింద పగిలిన పైపు కూడా మార్చారు. స్లిప్ ఇచ్చిన రోజు నుంచి లెక్కేస్తే 31 రోజులకి బాత్రూమ్‌లో నీళ్ళు వచ్చాయి. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు మొదట్లోనే "మోటార్ ఎంతక్కా, నేను పంపిస్తా" అన్నాడు, వాడి మనసు మంచిది, కానీ వద్దన్నాను. వాడు కొనిస్తే మా బడికి నీళ్ళొస్తాయి, మళ్ళీ కాలిపోతే ఎవరిని అడగాలో ఊళ్ళో ఎవరికీ తెలియకుండానే ఉండిపోతుంది.

అన్నింటికీ సోమవారం దాకా ఆగొద్దు. పిల్లల్ని కొట్టినా, మాటలతో హింసించినా అది చట్టం ఒప్పుకోదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, పిల్ల మీద చేయి వేయడంలాంటిదైతే నేరుగా పోలీస్ స్టేషన్, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. విద్యాహక్కు చట్టంలోనే 32వ సెక్షన్ ఉంది, రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదుని స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలి, తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. మా రెండో అర్జీలో ఈ సెక్షన్ పేరు రాశాం, పని కదలడానికి అది కూడా ఒక కారణమని నా నమ్మకం.

ప్రైవేట్ స్కూల్ పిల్లల అమ్మానాన్నలు అడుగుతున్నారు, మాకు ఇది పనిచేస్తుందా అని. ఎయిడ్ లేని ప్రైవేట్ బళ్ళకి ఆ కమిటీ రూల్ వర్తించదు, అందుకే మీరే నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళాలి. ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే డీఈఓకి, పీజీఆర్ఎస్‌కి కూడా ఇవ్వొచ్చు. ఫీజుల సంగతులైతే 2019 చట్టంతో పెట్టిన పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఉంది. సీబీఎస్ఈ స్కూల్ అయితే బోర్డుకి కూడా రాయండి.

మా బళ్ళో ఇంకా ఒకటి మిగిలింది. రెండో బాత్రూమ్ తలుపుకి లోపలి గడియ లేదు, పిల్లలు ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట పట్టుకుని నిలబడుతున్నారు. వాడిన ప్యాడ్‌లు వేయడానికి మూత ఉన్న డబ్బా కూడా లేదు. ఈ రెండూ రాసి మొన్న హెచ్ఎం మేడమ్‌కి ఇచ్చాం, కాపీ మీద సంతకం తీసుకున్నాం. గడియ పడ్డాక వచ్చి ఈ రివ్యూ కింద రాస్తా.