విజయనగరంలో నీహారికను గీసి ఇచ్చే దుకాణం: ఒక సమీక్ష

విజయనగరం గంటస్తంభం వైపు పటాలకు ఫ్రేములు కట్టే ఒక చిన్న దుకాణంలో, దేవుళ్ల బొమ్మలతో పాటు అంతరిక్ష దృశ్యాలను కూడా ఆర్డరు మీద గీసి ఇస్తున్నారు. మా హాలు గోడకు ఓరియన్ నీహారికను కాన్వాసు మీద ఆక్రిలిక్ రంగులతో గీయించాను. అచ్చు పోస్టరు కంటే ఖరీదు ఎక్కువే అయినా, ఇచ్చిన డబ్బుకు తగిన పని జరిగింది.

టెలిస్కోపులో కంటికి ఆనినట్టు గీయాలా, ఫొటోలో కనిపించినట్టు గీయాలా అని చిత్రకారుడు ముందే అడగడంతో నాకు ఆయన మీద గురి కుదిరింది. దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ వాయుమేఘం చిన్న టెలిస్కోపులో బూడిదరంగు పొగలాగే కనిపిస్తుంది. హైడ్రోజన్ వెదజల్లే ఎరుపు, ఎక్కువసేపు కాంతిని పోగుచేసుకునే కెమెరాకే బాగా చిక్కుతుంది. నేను ఎరుపునే కోరాను. ఆయన ఆ రంగును ఒక్కసారిగా పులిమేయకుండా, పలుచని పూతలను ఒకదాని మీద ఒకటి ఆరనిస్తూ వేసినందువల్ల మేఘానికి నిజమైన లోతు వచ్చింది. నడుమనున్న ట్రపీజియం నక్షత్రాలు నాలుగింటినీ సన్నని కుంచెతో విడివిడిగా దిద్దారు. వాటిలో అన్నిటికంటే వేడిదాని అతినీలలోహిత కాంతి వల్లనే ఆ మేఘం ప్రధానంగా వెలుగుతోంది కనుక, ఈ శ్రద్ధ నాకెంతో నచ్చింది.

మిగిలిన చుక్కలను బ్రష్షుతో చిలకరించేటప్పుడు మాత్రం తొందరపడ్డారు. వెనుక కాంతిని అడ్డుకునే నల్లని ధూళి పాయల మీద చుక్కలు చాలా పలుచగా ఉండాలి. ఇక్కడ అంతటా ఒకే తీరుగా పడ్డాయి. చెప్పగానే విసుక్కోకుండా సరిదిద్దారు. పెద్ద నక్షత్రాలకు పెట్టిన నాలుగు కొమ్ముల మెరుపును కూడా తీయించాను, ఎందుకంటే అది హబుల్ టెలిస్కోపు లోపలి ఆధారపు కడ్డీల వల్ల ఫొటోలో పడేదే తప్ప నక్షత్రానిది కాదు.

అక్కడే అమ్మకానికి, శనిగ్రహపు ఉపగ్రహమైన టైటాన్ నేల మీద నుంచి శని కనిపిస్తున్నట్టు గీసిన చిత్రం ఒకటి ఉంది. 1944లో చెస్లీ బోన్‌స్టెల్ గీసిన సుప్రసిద్ధ చిత్రం బాటలో సాగిన ఈ పనితనం చూడముచ్చటగా ఉంది. కానీ 2005లో హైగెన్స్ నౌక దిగి చూసిన టైటాన్ ఆకాశం నారింజరంగు మబ్బుతో కప్పుకుపోయి ఉంది కాబట్టి, శాస్త్రీయమైన చిత్రం కావాలనుకునేవారు దానిని కొనకపోవడం మంచిది.

గీయించుకునేవారు మెరుపు లేని వార్నిష్ వేయమని ముందే చెప్పాలి. మాకు వేసిన మెరుపు వార్నిష్ వల్ల, రాత్రి ట్యూబులైటు వెలుగు సరిగ్గా నీహారిక నడుమనే పడి మెరుస్తోంది.